పశ్చిమ ప్రకాశంలో డిగ్రీ కోర్సుల సమీక్ష: ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికి బహిరంగ లేఖ

ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం (ఒంగోలు) ఉపకులపతి గారికి, పాలకమండలి సభ్యులకు,

డిగ్రీ కోర్సుల సమీక్ష చివరికి నాలుగు నిర్ణయాల దగ్గర తేలుతుంది: ఏ కోర్సు ఉంచాలి, ఏది మరోదానితో కలపాలి, ఏది ఎత్తెయ్యాలి, కొత్తగా ఏది పెట్టాలి. ఈ నాలుగింటి పర్యవసానం ఒంగోలులో ఒకటి, గిద్దలూరులో మరొకటి. ఒంగోలులో ఒక కళాశాల బీఏ చరిత్ర ఎత్తేస్తే విద్యార్థి పక్క వీధిలోని కళాశాలకు మారతాడు. యర్రగొండపాలెంలో ఎత్తేస్తే ఆ సబ్జెక్టు ఆ చుట్టుపక్కల మండలాలకే లేకుండా పోతుంది. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు నూరు కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి నూట యాభై దాకా ఉంటుంది. రోజూ పోయి రాగల దూరాలు కావివి. హాస్టల్ ఖర్చు భరించగల ఇంటి పిల్లలు ఆ చదువుకు వెళ్తారు, తక్కినవాళ్ళు ఊళ్ళో ఏది దొరికితే అందులో చేరతారు, లేదా మానేస్తారు. అమ్మాయిల విషయంలో ఈ లెక్క ఇంకా కచ్చితంగా పనిచేస్తుంది. సాయంత్రం చీకటి పడకముందు ఇంటికి చేర్చే బస్సు ఎంతదాకా పోతుందో, చాలా ఇళ్ళలో ఆడపిల్ల డిగ్రీ అంతదాకానే.

ఈ దూరం పాతదే. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలు కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు నుంచి వచ్చిన భాగం. నల్లమల దాటితే గిద్దలూరుకు నంద్యాల దగ్గర. కాగితం మీద మాత్రం అన్నిటికీ ఒంగోలే. 1976లో మొదలైన నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉన్న రోజుల్లో ఈ కళాశాలల ఫైళ్ళు ఇంకా దూరం, గుంటూరు దాకా పోయేవి. నాగార్జున వారి ఒంగోలు పీజీ కేంద్రం 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంగా మారడంతో ఆ దూరం కొంత తగ్గింది. మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లాకు 2025 చివర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. కలెక్టరు కార్యాలయం దగ్గరికి వచ్చినా విశ్వవిద్యాలయం ఒంగోలులోనే ఉంటుంది. అందుకే పశ్చిమాన ఏ కోర్సు ఉండాలన్నది కొత్త జిల్లాతో తేలిపోయే విషయం కాదు.

సమీక్ష మొదలయ్యేసరికి డిగ్రీ చట్రం ఇప్పటికే చాలాసార్లు మారింది. రాష్ట్రంలో 2015–16లో సెమిస్టర్లు, ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ పద్ధతి వచ్చాయి. 2020–21లో సిలబస్ మార్చి, నైపుణ్య కోర్సులు, పది నెలల ఇంటర్న్‌షిప్, నాలుగో ఏడు ఆనర్స్ చేర్చారు. 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. 2023–24లో మూడు సబ్జెక్టుల పాత డిగ్రీ పోయి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది. 2025లో సింగిల్ మేజరా, డబుల్ మేజరా అన్న చర్చ మళ్ళీ లేచింది. ఒక చట్రంలో చేరిన బ్యాచ్ బయటపడి, ఉద్యోగానికో పీజీకో వెళ్ళి, ఆ చదువు ఏపాటిదో తేలకముందే మరో చట్రం దిగుతోంది. ఫలితం తెలియకుండా చేసే మార్పును సంస్కరణ అనడం కష్టం. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ళ డిగ్రీ పెట్టి, 2014 జూన్‌లో యూజీసీ కాదనగానే వెనక్కి తీసుకుంది. మధ్యలో చేరిన ఒక్క బ్యాచ్ పిల్లలు మొదటి ఏడాది ఒక పద్ధతిలో చదివి, రెండో ఏడాదికి మరో పద్ధతిలో పడ్డారు.

చట్రం విశ్వవిద్యాలయం చేతిలో లేదన్నది నిజమే. అది ఉన్నత విద్యామండలి నుంచి, ఆ పైన యూజీసీ నుంచి వస్తుంది. అయితే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం చాలా వెసులుబాటుతోనే ఉంది. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళకు 160. ఏడాది తర్వాత 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండేళ్ళ తర్వాత 80తో డిప్లొమా తీసుకుని పోవచ్చు. సింగిల్ మేజర్, డబుల్ మేజర్, బహుళ సబ్జెక్టులు, మూడింటికీ చోటుంది. ఏ కళాశాలకు ఏ కోర్సుకు అనుబంధం ఇవ్వాలి, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎవరుండాలి, ఐచ్ఛిక పేపర్లు ఏవి, పరీక్ష ఎలా పెట్టాలి అన్నవి విశ్వవిద్యాలయం పరిధిలోవే. పశ్చిమ మండలాలకు కావలసిన మార్పులు చాలావరకు ఈ పరిధిలో ఇమిడేవే.

సింగిల్ మేజర్ చిన్న కళాశాలను ఎలా తాకిందో పేపర్ల లెక్క వేస్తే తెలుస్తుంది. పాత బీఎస్సీలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిసి నడిచేవి. ఒక్కో సబ్జెక్టుకు మొదటి మూడు సెమిస్టర్లలో ఒక్కో పేపరు, తర్వాత రెండేసి. బేసి సెమిస్టర్లు నడిచే రోజుల్లో మొదటి, రెండో, మూడో ఏడాది పిల్లలందరికీ కలిపి ఒక సబ్జెక్టులో నాలుగు పేపర్లు ఉండేవి. ఒక అధ్యాపకుడు, అవసరమైతే ఒక గెస్ట్ లెక్చరర్‌తో బండి నడిచేది. కొత్త పద్ధతిలో మేజర్‌లో పదిహేను దాకా, మైనర్‌లో ఆరు దాకా పేపర్లున్నాయి. మూడు, అయిదు సెమిస్టర్లు ఒకేసారి నడిచినప్పుడు ఒక్క మేజర్‌కే ఎనిమిది పేపర్లు పడతాయి. పేపరుకు వారానికి మూడు గంటల థియరీ అనుకున్నా ఇరవై నాలుగు గంటలు. సైన్సులో ప్రాక్టికల్స్ రెండేసి గంటలు కలిపితే నలభై. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధన భారం వారానికి 16 గంటలు. సబ్జెక్టుకు ఒక్కరే ఉన్న కళాశాలలో ఈ లెక్క కుదరదు. కుదరనప్పుడు ఏమవుతుందంటే, టైంటేబుల్‌లో క్లాసు ఉంటుంది, గదిలో ఉండదు. పెద్ద కళాశాలకు ఈ పద్ధతి లోతైన చదువునిచ్చింది. అదే పద్ధతి కంభంలోనో యర్రగొండపాలెంలోనో ఉన్న ప్రభుత్వ కళాశాలలో సబ్జెక్టుల సంఖ్యను తగ్గించే యంత్రంగా పనిచేస్తుంది. రెండు మేజర్లు ఇస్తే ఉన్న అధ్యాపకులు చాలరు, ఒకటే ఇస్తే రెండోది పోతుంది.

మైనర్ సంగతి ఇంకో చోట తగులుతుంది. ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది కన్ను బీఈడీ మీద, డీఎస్సీ మీద ఉంటుంది. సాంఘికశాస్త్రం స్కూల్ అసిస్టెంటుకు చరిత్ర, ఆర్థికశాస్త్రం, భూగోళం, రాజనీతి వంటి వాటిలో రెండు సబ్జెక్టులు చదివి ఉండాలి. భౌతికశాస్త్రం పోస్టుకూ రెండు కావాలి. పాత హెచ్‌ఈపీ, ఎంపీసీ, బీజడ్‌సీ గ్రూపుల్లో ఈ అర్హత అడగకుండానే వచ్చేది. ఇప్పుడది మైనర్ ఎంపిక మీద ఆధారపడింది. రసాయన శాస్త్రం మేజర్‌కు కంప్యూటర్స్ మైనర్ తీసుకున్న విద్యార్థి మూడేళ్ళ తర్వాత కానీ తాను ఏ పోస్టుకు పనికిరాడో తెలుసుకోడు. చేరే రోజునే ప్రతి మేజర్–మైనర్ జంట పక్కన అది ఏ బీఈడీ మెథడాలజీకి, ఏ పీజీకి దారి ఇస్తుందో అచ్చువేసి ఇవ్వడం సమీక్షలో అన్నిటికన్నా చవకైన మార్పు.

సమీక్షలో కోర్సు బతుకు తేల్చే కొలత మామూలుగా చేరికల సంఖ్య. ఆ సంఖ్య చూడటం తేలిక, అర్థం చేసుకోవడం కష్టం. ఒక కళాశాలలో బీఏ తెలుగులో ఎనిమిది మందే చేరారంటే తెలుగు మీద ఆసక్తి లేదని కావచ్చు, అధ్యాపకుడు లేక క్లాసులు జరగలేదన్న మాట ఊరంతా పాకిందని కావచ్చు, ఆన్‌లైన్ ప్రవేశాల్లో ఆ ఐచ్ఛికం ఎక్కడుందో ఇంటర్నెట్ సెంటరు వాడికి తెలియలేదని కూడా కావచ్చు. మొదటిదైతే మూయవచ్చు. తక్కిన రెండింటికీ మందు వేరు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం 2023లో ఇలాంటి సమీక్షే చేసింది. 4.5 కోట్ల డాలర్ల లోటు చూపించి, ఆ సెప్టెంబరులో 28 మేజర్లను, 143 అధ్యాపక పోస్టులను తీసేసింది. విదేశీ భాషల శాఖను మొత్తంగా ఎత్తేయాలన్నది మొదటి ప్రతిపాదన; నిరసనల తర్వాత స్పానిష్, చైనీస్ బోధన కొంత మిగిలింది. అది కొండల రాష్ట్రం, బొగ్గు గనులు తగ్గిపోతున్న పేద రాష్ట్రం. అక్కడి పిల్లలకు ఆ విశ్వవిద్యాలయమే పెద్ద దిక్కు. ఖర్చు లెక్క సరిగ్గానే వేసి ఉండవచ్చు. ఆ సబ్జెక్టు అక్కడ లేకపోతే ఇంకెక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ లెక్కలో గడి లేదు.

పశ్చిమ ప్రకాశానికి ఆ గడి ఉండాలి. ప్రతి కోర్సు పక్కనా చేరికలతో పాటు, అదే కోర్సు దొరికే తర్వాతి కళాశాల ఎంత దూరం, అక్కడికి బస్సుందా రైలుందా, చేరినవారిలో అమ్మాయిలు ఎందరు, పూర్తిచేసినవారు ఎందరు, పోస్టు నిండి ఎన్నాళ్ళయింది అన్నవి రాస్తే చాలు. రోజూ పోయి రాగల దూరంలో మరో చోట లేని కోర్సును తక్కువ చేరికల పేరుతో మూయకూడదన్న ఒక్క నిబంధన పెట్టినా సగం నష్టం ఆగుతుంది.

కొత్త కోర్సుల విషయానికి వస్తే, రాష్ట్రమంతటా పెట్టే డేటా సైన్సు, కృత్రిమ మేధ పేర్ల కోర్సులు మార్కాపురంలోనూ పెట్టవచ్చు. ఎక్కువమంది చేరతారు కూడా. చెప్పేవారు దొరుకుతారా అన్నది వేరే ప్రశ్న. ఈ నేలకు సొంతంగా ఉన్న విషయాల మీద మాత్రం పశ్చిమ మండలాల్లో డిగ్రీ చదువు దాదాపు లేదు. అది వింతే.

మొదటిది రాయి. మార్కాపురం పేరు చెప్పగానే తెలుగు దేశమంతా పలక గుర్తుకొస్తుంది. ఆ పలకరాయి కడప మహాసంఘంలోని నల్లమలై సంఘానికి చెందినది. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ శిలావిన్యాసానికి భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం ఊరి పేరే పెట్టారు. పలక బడి నుంచి పోయాక పరిశ్రమ ఇంటి కప్పులకు, గోడలకు, నేలకు వేసే రాతి పలకల ఎగుమతి వైపు మళ్ళింది. క్వారీ తవ్వకంలో పనికొచ్చే రాయికన్నా పారబోసే రాయే ఎక్కువ, ఆ గుట్టలు ఊరి చుట్టూ కనిపిస్తాయి. కోత మిషను దగ్గర లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రాతి గుణం గుర్తించడం, పొర వెంట చీల్చడం, వ్యర్థంతో ఏం చేయవచ్చో చూడటం, దుమ్ము కొలవడం, గనుల చట్టం, ఎగుమతి కాగితాలు: ఇవన్నీ కలిస్తే భూగర్భ శాస్త్రంలో ఒక మంచి మేజర్ అవుతుంది. బీకాం విద్యార్థికి మైనర్ కూడా అవుతుంది. ప్రయోగశాల సగం బయటే ఉంది. క్వారీ యజమానికి, కార్మికుడికి తెలిసిన విషయాలు సిలబస్ రాసే బల్ల మీదికి రావాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధి స్థానాన్ని ఒంగోలు నుంచో విజయవాడ నుంచో కాక మార్కాపురం నుంచి నింపాలి.

రెండోది నీరు. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి, డ్రైనేజీ కమిషన్ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అయిదు వందల ఏళ్ళ నాటి కట్ట ఒక పక్క ఉండగా, మరో పక్క పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. మొదటిది 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. 43.5 టీఎంసీల నీటితో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అన్నది లక్ష్యం. నీరు వచ్చినప్పుడు పంపిణీ కాలువలు, నీటి సంఘాలు, పంటల మార్పు, నేల చౌడుబారకుండా చూడటం వంటి పనులకు మనుషులు కావాలి. నీరు రాని చోట సమస్య ఇంకోటి. కనిగిరి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ దశాబ్దాలుగా ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది దేశీయ ప్రమాణం. ఆ కొలత తీయడం డిగ్రీ రసాయన ప్రయోగశాలకు అందని పనేమీ కాదు. మూడేళ్ళు ఉప్పుల విశ్లేషణ చేసి బయటికొచ్చే విద్యార్థి తన ఊరి బోరు నీటిని ఒక్కసారైనా పరీక్షించకపోవడం సిలబస్ లోపమే.

అడవి మూడోది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోని అతి పెద్దవాటిలో ఒకటి. మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. దోర్నాల, యర్రగొండపాలెం పక్క చెంచుగూడేలున్నాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం మేజర్లు చేరికలు లేక ముందుగా వేటు పడే కోర్సులు. అవి ఎత్తేసే ముందు వాటినే అడవి చుట్టూ తిరిగి కూర్చడం సాధ్యమేమో చూడాలి. చెంచు విద్యార్థి ఆ క్లాసులో చేరితే, అధ్యాపకుడికి తెలియని చెట్టు పేర్లు కొన్ని అతనికి తెలిసి ఉంటాయి.

ఇన్ని కోర్సులు ఒక్కో కళాశాలలో నడపడం కుదరదు, నడపనవసరమూ లేదు. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోతుంది. ఆ దారి వెంట ఉన్న కళాశాలలను, దానికి బస్సుతో కలిసే యర్రగొండపాలెం, కనిగిరి వైపు కళాశాలలను ఒక క్లస్టరుగా లెక్కించి, మేజర్లు పంచుకోవచ్చు. బహుళ శాస్త్ర సంస్థల మీద యూజీసీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో క్లస్టరు ఏర్పాటుకు చోటుంది. కర్నూలులో మూడు కళాశాలలు కలిసి క్లస్టర్ విశ్వవిద్యాలయంగానే మారాయి. ఇక్కడ అంత పెద్ద పేరు అక్కర్లేదు. విద్యార్థిని ఊరూరా తిప్పకుండా అధ్యాపకుణ్ణి తిప్పాలి: వారంలో మూడు రోజులు కంభం, రెండు రోజులు గిద్దలూరు. ప్రయాణ భత్యం ఇచ్చి, ప్రయాణ సమయాన్ని పనిగంటల్లో కలిపితేనే ఇది నిలుస్తుంది. లేకపోతే రెండో నెలకే సెలవు చీటీలు మొదలవుతాయి. నాలుగో ఏడు ఆనర్స్‌ను మార్కాపురంలో ఒక చోట పెట్టి, హాస్టల్‌తో నడిపితే సరిపోతుంది. ప్రతి కళాశాలకు ఆనర్స్ అనుమతి ఇవ్వడం బోర్డు మీద రాసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

భాష విషయంలో చేయగల పని ఒకటి తయారుగా ఉంది. కోర్సు ఇంగ్లీషు మీడియం అయినా విద్యార్థి స్థానిక భాషలో జవాబు రాసేందుకు అనుమతించాలని యూజీసీ 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. పశ్చిమ మండలాల్లో ఇంటర్ దాకా తెలుగులో చదివి, డిగ్రీలో హఠాత్తుగా ఇంగ్లీషు పుస్తకం తెరిచే పిల్లలు ఎక్కువ. వాళ్ళు గైడు బట్టీ పట్టి రాసే జవాబు వాళ్ళ తెలివికి కొలత కాదు. ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఇచ్చి, జవాబు దేనిలోనైనా రాయనిస్తే ఇంగ్లీషుకు వచ్చే నష్టమేమీ లేదు. ఇంగ్లీషు నేర్పడానికి వేరే పేపర్లు ఎలాగూ ఉన్నాయి.

మొదటి ఏడాది తర్వాత చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆరో సెమిస్టర్ అంతా ఉండే ఇంటర్న్‌షిప్, ఈ రెండూ కాగితం మీద మంచి ఆలోచనలు. కంపెనీలు లేని ఊళ్ళో ఇంటర్న్‌షిప్ అంటే ఆన్‌లైన్ సర్టిఫికెట్‌గా మిగులుతుంది. పలక యూనిట్లు, మార్కెట్ యార్డు, నీటిపారుదల శాఖ, అటవీ డివిజను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బ్యాంకులు ఎందరిని తీసుకోగలవో ముందే జాబితా చేసి ఒప్పందాలు చేసుకునే బాధ్యత క్లస్టరుకు అప్పగించాలి, ఒక్కో విద్యార్థికి వదలకూడదు. సర్వీస్ ప్రాజెక్టుల్లో వచ్చిన నీటి పరీక్షల ఫలితాలు, వలస సర్వేలు అట్టలు వేసి బీరువాలో పెట్టకుండా పంచాయతీకి ఇవ్వాలి.

ఇక సమీక్ష జరిగే తీరు. కోర్సువారీ వివరాలు, మూయదలచిన వాటి జాబితా, కారణాలు ప్రవేశాల నోటిఫికేషన్‌కు కనీసం ఆరు నెలల ముందు తెలుగులో వెబ్‌సైట్‌లోను, ఆ కళాశాల నోటీసు బోర్డులోను పెట్టాలి. అభ్యంతరాలు వినే సభ ఒకటి మార్కాపురంలో, ఒకటి గిద్దలూరులో జరగాలి. మూసే కోర్సులో అప్పటికే చేరినవారికి చివరి సెమిస్టర్ దాకా క్లాసులు, ప్రయోగశాల, ఆ తర్వాత తప్పిన పేపర్లు రాసుకోవడానికి కనీసం మూడేళ్ళ పరీక్షలు హామీగా ఉండాలి. పాత సబ్జెక్టు కొత్త చట్రంలో ఏ మేజర్‌కు, ఏ మైనర్‌కు సమానమో తెలిపే ధ్రువపత్రం మార్కుల జాబితాతోపాటే, అడగకుండా, అదనపు ఫీజు లేకుండా ఇవ్వాలి. దాని కోసం గిద్దలూరు విద్యార్థి ఒంగోలు బస్సెక్కే పని ఉండకూడదు.